ఫంగస్ పెరుగుతోందా, ఒళ్ళు పేచీ పెడుతోందా? తేల్చుకుని చికిత్సకు దిగడం ఎలా

గోడ మూల నల్లటి మచ్చలు. నడుము దగ్గర ఉంగరంలాంటి దద్దురు. మూసిపెట్టిన గది తలుపు తీయగానే మొదలయ్యే తుమ్ములు. మూడింటి వెనుకా ఉన్నది ఫంగసే. అయితే చేయవలసిన పని మాత్రం దేనికది వేరు. ఒకచోట ప్రాణం నిలిపే మందు ఇంకొకచోట ఫంగస్‌కు ఎరువవుతుంది. స్టెరాయిడ్ సంగతే చూడండి. ఫంగస్ అలర్జీతో ఊపిరి ఆడని ఉబ్బస రోగికి అది తప్పనిసరి మందు. అదే స్టెరాయిడ్‌ను తామర మీద రాస్తే తామర ఒంటినిండా పాకుతుంది.

అందుకే "రోగనిరోధక శక్తి పెంచుకోవడం ఎలా" అనే ప్రశ్న నాకు ఎప్పుడూ సగం ప్రశ్నలాగే అనిపిస్తుంది. ఫంగస్ విషయంలో చిక్కంతా పాళ్ళలో ఉంది. రక్షణ తక్కువైతే ఫంగస్ గెలుస్తుంది. ఎక్కువైతే ఫంగస్ చచ్చినా మనం దగ్గుతూనే ఉంటాం. మీ కష్టం ఏ వైపుదో తేల్చుకోవడమే అసలు పని.

ముందుగా లోపలి కాపలా ఎలా నడుస్తుందో చూడండి

మీరు పీల్చే గాలిలో ఎప్పుడూ ఎన్నో కొన్ని ఫంగస్ సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి రేణువులు) ఉంటాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలే రోజుకు వందల సంఖ్యలో ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఒక్కొక్కటి రెండు మూడు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు; ముక్కు వడపోతను దాటి చివరి గాలి గదుల దాకా చేరగలిగేంత చిన్నది. అయినా చాలామందికి ఒక్క తుమ్మయినా రాదు.

దీనికి మొదటి కారణం ఒంటి వేడి. ఫంగస్ జాతుల్లో ఎక్కువ భాగం 37 డిగ్రీల దగ్గర పెరగలేవు. 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు 6 శాతం జాతులు పోటీ నుంచి తప్పుకుంటాయని 2009లో పరిశోధకులు లెక్క కట్టారు. ఒంట్లో సొంత వేడి లేని కప్పలు జాతులకు జాతులే ఫంగస్‌కు బలి కావడం, శీతనిద్రలో ఒళ్ళు చల్లబడిన గబ్బిలాలు ముక్కు మీద తెల్లటి బూజుతో చనిపోవడం ఈ లెక్కకు రెండో వైపు. తామర తెచ్చే ఫంగస్‌లు లోపలికి దిగకుండా చర్మం పైపొరలోనే ఆగిపోవడానికి కూడా ఈ వేడి ఒక కారణం.

వేడిని తట్టుకున్నవాటి కోసం రెండో కాపలా ఉంది. ఫంగస్ కణానికి మన కణాలకు లేని గట్టి గోడ ఉంటుంది. అందులో బీటా గ్లూకాన్, మన్నాన్, కైటిన్ అనే పదార్థాలుంటాయి. మన తెల్ల రక్తకణాల మీద ఉండే డెక్టిన్-1 వంటి గ్రాహకాలు బీటా గ్లూకాన్‌ను తడిమి, వచ్చినవాడు పరాయివాడని పోల్చుకుంటాయి. ఇక్కడొక చమత్కారం ఉంది. నిద్రలో ఉన్న బీజాన్ని నీరు అంటని ప్రొటీన్ పొర ఒకటి కప్పి ఉంచుతుంది. దాని కింద గ్లూకాన్ కనిపించదు కాబట్టి రక్షణ వ్యవస్థ పెద్దగా పట్టించుకోదు. బీజం తడి తగిలి, ఉబ్బి, మొలకెత్తబోయేటప్పుడు ఆ పొర చెదిరి గ్లూకాన్ బయటపడుతుంది. అప్పుడు మొదలవుతుంది దాడి. ఈ ఏర్పాటు నాకు ముచ్చటగా తోస్తుంది. వచ్చిన ప్రతి బీజం మీదా యుద్ధం ప్రకటిస్తే మన ఊపిరితిత్తులు ఏడాది పొడవునా వాచే ఉండేవి.

ఈ గ్రాహకాల కథలో ఈగలకూ వాటా ఉంది. టోల్ అనే జన్యువు చెడిన పండ్ల ఈగలు ఆస్పర్‌జిల్లస్ సోకితే తట్టుకోలేక చనిపోతాయని శాస్త్రవేత్త జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపించింది. క్షీరదాల్లోని టోల్ తరహా గ్రాహకాల మీద వెలుగు పడినది ఆ తర్వాతే. హాఫ్‌మన్ 2011 నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

బీజం చిన్నగా ఉన్నప్పుడే దొరికితే మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణం దాన్ని మింగేస్తుంది. మొలకెత్తి పోగులా సాగిందా, మింగడం కుదరదు. అప్పుడు న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి విష రసాయనాలు చిమ్ముతాయి. అదీ చాలకపోతే తమ డీఎన్‌ఏనే వలగా విసిరి ఆ ప్రయత్నంలో చచ్చిపోతాయి. 2004లో వెల్లడైన సంగతి ఇది. నోరు, చర్మం దగ్గర కాపలా వేరేవారిది: అక్కడ కొన్ని టి కణాలు ఐఎల్-17 అనే సందేశం పంపి చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తాయి. సోరియాసిస్‌కు ఐఎల్-17ను అడ్డుకునే ఇంజెక్షన్లు తీసుకునేవారిలో కొందరికి నోట్లో తెల్ల పూత రావడం ఇందువల్లే. ఏ కాపలాదారు సెలవులో ఉన్నాడో తెలిస్తే ఏ ఫంగస్ తలుపు తడుతుందో చాలావరకు ఊహించవచ్చు. వైద్యులు మీ పాత జబ్బుల గురించి, వాడుతున్న మందుల గురించి గుచ్చి గుచ్చి అడిగేది అందుకే.

మొదటి పని: మీది ఏ రకమో తేల్చుకోండి

రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏ సమయానికి ఇబ్బంది మొదలైంది, ఎక్కడ ఉన్నారు, అక్కడి నుంచి బయటికి వచ్చాక ఎంతసేపటికి తగ్గింది. ఇది చూడటానికి చిన్న పనే, కానీ ఖరీదైన పరీక్షలు చెప్పలేని సంగతులు ఇదే చెబుతుంది.

తడి గదిలోకి వెళ్ళిన కొన్ని నిమిషాల్లో తుమ్ములు, కళ్ళ దురద, పిల్లికూతలు వచ్చి, చోటు మారితే తగ్గుతున్నాయంటే అలర్జీని అనుమానించాలి. ఇక్కడ ఫంగస్ మీలో పెరగడం లేదు. ఐజీఈ అనే యాంటీబాడీ దాని ప్రొటీన్లను శత్రువుగా రాసిపెట్టుకుంది. బీజం తగలగానే మాస్ట్ కణాలు అనే రక్షణ కణాలు తుమ్ములు, దురద తెచ్చే హిస్టమిన్ కుమ్మరిస్తున్నాయి.

బూజు ధూళి పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత జ్వరం, చలి, పొడి దగ్గు, ఆయాసం వస్తే కథ వేరు. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. పగలు పీల్చినదానికి రాత్రి జ్వరం వస్తుంది కాబట్టి రెండింటినీ ముడిపెట్టడం ఎవరికీ తట్టదు. ఫ్లూ అనుకుని ఊరుకుంటారు. నాలుగు రోజులు ఆ చోటికి దూరంగా ఉంటే తగ్గి, తిరిగి వెళ్ళగానే మళ్ళీ వస్తుందంటే ఛాతీ వైద్యుణ్ణి తప్పక కలవండి. ఏళ్ళ తరబడి సాగనిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఆ నష్టం వెనక్కి రాదు.

మీరు ఎక్కడున్నా తేడా లేకుండా, ఒకేచోట అంటిపెట్టుకుని మెల్లగా పెరిగేది ఇన్ఫెక్షన్. గోడ మీద బూజు ఉంది, మీకే ఇబ్బందీ లేదు అంటే అది కేవలం సంపర్కం. మందు కావలసింది గోడకే. మీరు రక్తపరీక్షలకు పరుగెత్తనక్కరలేదు.

ఈ గీతలు కలిసిపోయే సందర్భం ఒకటుంది. కొందరు ఉబ్బస రోగుల శ్వాసనాళాల కఫంలో ఆస్పర్‌జిల్లస్ కాపురం పెడుతుంది. కణజాలంలోకి చొరబడదు గానీ అక్కడే ఉంటూ రక్షణ వ్యవస్థను నిరంతరం రెచ్చగొడుతుంది. గోధుమరంగు కఫపు ముద్దలు పడటం, ఎన్ని మందులు వాడినా ఉబ్బసం లొంగకపోవడం దీని గుర్తులు. రక్తంలో మొత్తం ఐజీఈ బాగా పెరిగి ఉంటుంది. స్టెరాయిడ్, యాంటీఫంగల్ రెండూ అవసరం కాగల ఈ చికిత్స పూర్తిగా వైద్యుల చేతిలోనిది.

రెండో పని: గోడ సంగతి చూడండి

బూజు దులపడం అంటాం. తెలుగులో ఆ మాట సాలెగూళ్ళకూ చెల్లుతుంది, ఫంగస్‌కూ చెల్లుతుంది. సాలెగూటిని దులపండి. ఫంగస్‌ను మాత్రం ఎప్పుడూ పొడిగా దులపకండి, చీపురు తగిలించకండి. ఒక్క విసురుతో లక్షల బీజాలు గాలిలోకి లేస్తాయి.

తడి ఎక్కడి నుంచి వస్తోందో ముందు పట్టుకోండి. కారే గొట్టం, పైకప్పు పగులు, ఆవిరి బయటికి పోని స్నానాల గది. అది సరిచేయకుండా తుడిచిన గోడ మళ్ళీ నల్లబడుతుంది. నీరు చిందినా, వరద వచ్చినా 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టగలిగితే బూజు మొదలే కాకపోవచ్చు. గదిలో గాలి తేమ 60 శాతం లోపు ఉండాలి. 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించుకుంటే ఊహలతో పని ఉండదు.

బూజు పట్టిన భాగం సుమారు ఒక చదరపు మీటరు లోపు ఉంటే మీరే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించితే ఆ పని తెలిసినవారిని పిలవండి. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు, కళ్ళను పూర్తిగా మూసే అద్దాలు పెట్టుకోండి. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, మచ్చను ముందు తడిపి, డిటర్జెంటు నీళ్ళతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారిని, రోగనిరోధకత తగ్గినవారిని ఆ పూట వేరేచోటికి పంపండి. వారిచేత ఈ పని అసలు చేయించకండి. బ్లీచింగ్ ద్రావణం సాధారణంగా అవసరం లేదు. వాడి తీరాలనుకుంటే అమ్మోనియా ఉన్నవాటితో గానీ ఆమ్లాలతో గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది.

"చంపేశాం కదా, మచ్చ అలాగే ఉంటే ఏమిటి?" అని అడిగేవారుంటారు. పైన చెప్పిన డెక్టిన్ కథ గుర్తు చేసుకోండి. మన గ్రాహకాలు తడిమేది ఫంగస్ కణపు గోడ ముక్కలను. ఆ ముక్క బతికున్న ఫంగస్‌దా చచ్చినదానిదా అని అవి అడగవు. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది. కాబట్టి దాన్ని తొలగించాలి, దాని మీద రంగు వేసి కప్పకూడదు. బూజు లోపలికి దిగిన పరుపు, తివాచీ, మెత్తని అట్టలు కడిగినా బాగుపడవు, పారేయండి.

మూడో పని: తామరను తామరలా చూడండి

పువ్వు పేరు ఈ జబ్బుకు ఎలా అంటిందో గానీ, గజ్జి పేరు మాత్రం దీని పక్కన ఎప్పుడూ ఉంటుంది. గజ్జి, తామర అని జంటగా అనేసి రెండింటికీ ఒకే మందు రాసేస్తారు. గజ్జి తెచ్చేది చర్మంలో దూరే సూక్ష్మ పురుగు. తామర ఫంగస్. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు.

తామరకు ఉంగరం ఆకారం ఎందుకొస్తుందో తెలిస్తే చికిత్స సగం అర్థమైనట్టే. ఫంగస్ ఒకచోట దిగి, చర్మం పైపొరలోని కెరటిన్ తింటూ నలుదిక్కులకూ సాగుతుంది. రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది. ఎరుపు, వాపు, దురద వస్తాయి. చర్మం పొలుసులను మామూలుకంటే వేగంగా రాల్చి వాటితోపాటు ఫంగస్‌నూ బయటికి విసురుతుంది. అలా మధ్యభాగం తేటపడుతుంది. అంచున పోరు సాగుతూనే ఉంటుంది. మీకు కనిపించే ఎర్రటి అంచు ఫంగస్ ఒక్కటే చేసిన గాయం కాదు, మీ ఒళ్ళు చేస్తున్న పోరాటం కూడా.

ఇప్పుడు దాని మీద స్టెరాయిడ్ కలిసిన క్రీము రాశారనుకోండి. రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, దురద ఆగుతుంది, మందు అద్భుతంగా పనిచేసిందని పక్కవారికీ చెబుతారు. జరిగింది కాపలాదారుకు మత్తు పెట్టడం. ఫంగస్ నింపాదిగా పాకుతుంది, క్రీము ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది. ఉంగరం ఆకారం కూడా చెదిరిపోవడంతో చూసిన వైద్యులు సైతం ఒక్కోసారి గుర్తుపట్టలేరు. నేనూ ఒకప్పుడు మోచేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చకు ఎవరో ఇచ్చిన ట్యూబు రాసి, అరచేయంత చేసుకున్నవాణ్ణే. అప్పటి నుంచి ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవకుండా ఏదీ రాయను. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఏదైనా కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. పక్కన యాంటీఫంగల్ పేరు కూడా ఉన్నా సరే, సొంతంగా తామరకు రాయకండి.

ఒంటి మీద ఒకటి రెండు మచ్చలే ఉంటే స్టెరాయిడ్ లేని యాంటీఫంగల్ క్రీము సరిపోతుంది. చోటును కడిగి, బాగా ఆరనిచ్చి, అంచుకు రెండు సెంటీమీటర్ల అవతలి నుంచి మొదలుపెట్టి లోపలికి రాయండి. ఫంగస్ కనిపించే గీతకంటే ముందే నడుస్తూ ఉంటుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మచ్చ మాయమయ్యాక కూడా ఒకటి రెండు వారాలు కొనసాగించండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. దురద పోయిన రోజున ట్యూబు మూలన పడేస్తారు. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. లోదుస్తులు రోజూ మార్చి, పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి.

పిల్లి, కుక్క వంటి జంతువుల నుంచి వచ్చిన తామర తరచూ చాలా ఎర్రగా, చీముతో, భయపెట్టేలా ఉంటుంది. మనుషుల నుంచి మనుషులకు వచ్చేది నీరసంగా, పొలుసులుగా, ఏళ్ళ తరబడి ఉంటుంది. చూడటానికి భయంకరమైనదే త్వరగా నయమవుతుంది! మనుషులకు అలవాటుపడిన ట్రైకోఫైటన్ రుబ్రమ్ వంటి ఫంగస్ తన మన్నాన్‌తో మన స్పందనను అణచి ఉంచడం నేర్చుకుంది. జంతువుల ఫంగస్‌కు ఆ నేర్పు లేదు. రక్షణ వ్యవస్థ దాని మీద విరుచుకుపడుతుంది.

ఇంకొక వింత. పాదాల వేళ్ళ సందుల్లో ఫంగస్ ఉన్నవారికి అరచేతుల్లో నీటిపొక్కులు, దురద రావచ్చు. చేతుల్లో ఫంగస్ ఉండదు. అది పాదంలోని ఫంగస్‌కు ఒళ్ళంతా ఇస్తున్న జవాబు. చేతులకు ఎన్ని యాంటీఫంగల్ క్రీములు రాసినా ఫలితం ఉండదు. పాదాలకు చికిత్స చేస్తే చేతులు వాటంతటవే తగ్గుతాయి.

తల మీది తామరకు, గోళ్ళలో ముదిరిన ఫంగస్‌కు క్రీములు చాలవు, మాత్రలు కావాలి. కాలిగోళ్ళకు నెలల తరబడి పడుతుంది. మందు పూర్తయ్యాక కూడా కొత్త గోరు చివరిదాకా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. ఓపిక పట్టండి.

నాలుగో పని: ఒంట్లోనే ఉండే అద్దెదారు తిరగబడితే కారణం వెతకండి

కాండిడా అనే ఈస్ట్ రకం ఫంగస్ చాలామంది నోట్లో, పేగుల్లో ఏ గొడవా లేకుండా బతుకుతుంది. పక్కనున్న బాక్టీరియా, పైన చెప్పిన ఐఎల్-17 కాపలా దాన్ని అదుపులో ఉంచుతాయి. అదుపు తప్పినప్పుడు గుండ్రటి ఈస్ట్ పోగులా సాగి, కాండిడాలైసిన్ అనే విషంతో పైపొర కణాలకు చిల్లులు పెడుతుంది. కాబట్టి నోట్లో తెల్ల పూత గానీ, జననాంగాల దగ్గర దురద, తెల్లటి స్రావం గానీ వస్తే మందుతోపాటు కారణాన్నీ పట్టుకోవాలి. ఇటీవల యాంటీబయాటిక్ వాడారా? స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మడం మానేశారా? (పూత వచ్చిందని ఇన్‌హేలర్ ఆపకండి, పుక్కిలించడం మొదలుపెట్టండి.) కట్టుడు పళ్ళు రాత్రి తీయకుండా పడుకుంటున్నారా? ఇవేవీ కాకుండా మళ్ళీ మళ్ళీ వస్తుంటే రక్తంలో చక్కెర, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోవడానికి సంకోచించకండి. నోటి పూతే తొలి సూచన అయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఐదో పని: కాపలా తగ్గినవారైతే ఆలస్యం చేయకండి

కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవారు, చక్కెర అదుపులో లేనివారు పైన చెప్పిన సొంత వైద్యాలేవీ చేసుకోకూడదు. పాత భవనాలు కూల్చే చోటు, కుళ్ళిన ఎరువు తిరగేసే తోటపని, పక్షుల రెట్టలు పేరుకున్న మూలలకు దూరంగా ఉండాలి. వీరిలో యాంటీబయాటిక్‌కు లొంగని జ్వరం ఫంగస్‌ది కావచ్చు. వారాల తరబడి తగ్గని తలనొప్పి క్రిప్టోకాకస్ అనే ఫంగస్ వల్ల కావచ్చు, ముఖ్యంగా హెచ్‌ఐవీ ఉన్నవారిలో. ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కు నుంచి నల్లటి స్రావం, ఒకటి రెండుగా కనిపించడం మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) లక్షణాలు. చక్కెర బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారినప్పుడు న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి, మ్యూకర్‌కు ఇష్టమైన ఇనుము సులువుగా అందుతుంది. రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వీరికి టీకా వేసి ముందే కాపాడే దారి ఇంకా లేదు. మనుషుల ఫంగస్ జబ్బులకు ఆమోదం పొందిన టీకా ఒక్కటీ రాలేదు. మందులూ తక్కువే. బాక్టీరియాతో పోలిస్తే ఫంగస్ మనకు దగ్గర చుట్టం. దాన్ని చంపేది మన కణాలనూ గాయపరుస్తుంది. ఉన్న కొద్ది మందుల్లో చాలావరకు ఫంగస్ కణపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే ఒకే తేడాను పట్టుకుని నడుస్తున్నాయి. మన కణాల్లో దాని స్థానంలో కొలెస్ట్రాల్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మొదటిసారి ప్రమాదకర ఫంగస్‌ల జాబితా ప్రకటించి 19 పేర్లు చేర్చడం వెనుక ఈ కొరత కూడా ఉంది. మందులకు లొంగని తామర రకాలు ఇప్పటికే తిరుగుతున్నాయి కాబట్టి మాత్రలను మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టే అలవాటు వద్దు.

చివరి పని: పరీక్షకు సిద్ధంగా వెళ్ళండి

నాలుగు వారాల క్రీముతో తగ్గకపోయినా, నెలల తరబడి మాత్రలు మింగవలసి వచ్చినా, ముందు అది ఫంగసేనని రుజువు చేయమని అడగండి. పొలుసులనో గోరు ముక్కనో తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు; ఆ రసాయనం చర్మకణాలను కరిగిస్తుంది, ఫంగస్ పోగులు కరగకుండా మిగిలి కనిపిస్తాయి. ఫలితం అదే రోజు వస్తుంది. ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షకు నాలుగు వారాల దాకా పట్టవచ్చు. అలర్జీ అనుమానమైతే చర్మం మీద గుచ్చి చూసే పరీక్షో, ఐజీఈ రక్తపరీక్షో చేస్తారు.

మీ రెండు వారాల పుస్తకం, ఇంతవరకు వాడిన ప్రతి ట్యూబు, మచ్చ మొదట ఎలా ఉండేదో చూపే ఫోటో వెంట తీసుకెళ్ళండి. వెళ్ళే రోజున ఏ క్రీమూ రాయకండి. కొన్ని రోజుల ముందే ఆపాలా అని ఫోనులో అడిగి తెలుసుకోండి. పొలుసులు గీకేటప్పుడు అవి అంచు నుంచి తీస్తున్నారో లేదో గమనించండి. తేటపడిన మధ్యభాగంలో ఫంగస్ దొరకక "ఏమీ లేదు" అని ఫలితం రావచ్చు. అది ఉండేది ఎర్రటి అంచున.